చెయ్యి పడకూడదు

మంగాఫ్‌లో మా కిటికీకి
పొద్దున నలభై నిమిషాలే వెలుతురు.
ఆరున్నరకు రెండు బిల్డింగుల సందులోంచి
చెప్పులు బయట విడిచినట్టు
చప్పుడు లేకుండా వస్తుంది.
నీళ్ల ట్యాంకు దాటి సూర్యుడు తల పెట్టినాడంటే
అది కత్తి.
ఇక కర్టెన్లు, ఏసీ, ట్యూబ్‌లైటు.

నలభై రోజుల పిల్ల హిమజ.
మంచు పేరు పెట్టినాడు వాళ్ల నాయన,
బయట నలభై ఎనిమిది డిగ్రీలున్న రోజున.
పాస్‌పోర్టుకు ఫోటో కావాల.
వెనక తెల్ల గుడ్డ, కండ్లు తెరిచి, నోరు మూసి,
మొహమ్మీద నీడ పడకూడదు,
ఎవరి చెయ్యీ పడకూడదు.

షట్‌డౌన్ పని. ఓబులేసు రాత్రి పోతే
ఐదున్నరకు బస్సు దిగుతాడు,
ఒంటికి గంధకం వాసన, రెప్పలకు ఉప్పు.
రెండుసార్లు సబ్బు పెట్టి కడుక్కుంటే గాని
పిల్లను ముట్టుకోడు.

కింద ఇస్త్రీ షాపు మస్తాన్ భాయ్
ఎవరో కువైటీ ఆయన గుత్రా ఇచ్చినాడు.
"శుక్రవారం లోపల తెచ్చియ్యక్కా,
దాని మీద పాలు కక్కనీయొద్దు."
మజ్బూస్ తెచ్చుకున్న అల్యూమినియం ట్రే
తోమి ఆరబెట్టినా,
చీకటి వైపు చెంపకు అదే రెండో కిటికీ.

మొదటి రోజు నిద్రపోయింది.
రెండో రోజు ఏడ్చింది, ట్రే చూసి.
మూడో రోజు తూజు.
రాత్రంతా దుమ్ము కొట్టి కొట్టి
తెల్లారేసరికి ఆకాశం జొన్నపిండి.
లిఫ్టులో అందరూ తిట్టుకుంటా దిగుతున్నారు.
నేను మాత్రం కిటికీ కాడ నిలబడిపోయినా.
అంత మెత్తటి వెలుతురు ఎన్నడూ చూళ్ళేదు,
జల్లెడ పట్టి
పిల్ల మొహమ్మీద రాలుస్తున్నట్టు.

"తల పట్టుకో" అన్నా.
ఆయన మోకాళ్ల మీద కూచుని
గుత్రా కింద నుంచి చెయ్యి పోనిచ్చి
మెడకు ఆసరా పెట్టినాడు.
నేను స్టూలెక్కి ఊపిరి బిగబట్టినా.
పిల్ల కండ్లు తెరిచింది.
రెండు కండ్లలో రెండు కిటికీలు, ఆవగింజలంత.
నోరు మూసుకునే ఉంది. నీడ లేదు.
నొక్కినా.

కౌంటర్లో అమ్మాయి ఫోటో తిప్పి ఇచ్చింది.
చెవి కింద బొటనవేలు.
"తుడిపేసి తీసుకురండి మేడం,
కంప్యూటర్లో రెండు నిమిషాల పని."

తుడిపేయడం నాకు కొత్త కాదు.
పెండ్లికి ముందు రాజంపేట స్టూడియోలో
నా జీతమే దానికి.
కుర్చీల్లో కూచోబెట్టిన పిల్లోళ్ల వెనక
అమ్మల చేతులు, అవ్వల కొంగులు,
జుట్టు సర్దతా సర్దతా ఫోటోలో మిగిలిపోయిన వేళ్లు
నున్నగా తుడిపేసేదాన్ని.
ఆ పిల్లలంతా ఇప్పటికీ గోడల మీద
ఎవరూ పట్టుకోకుండానే కూచోనున్నారు.

రాత్రి లాప్‌టాప్ తెరిచి
ఆ వేలు పెద్దది చేసి చూసినా.
గోరు సగం నలుపు.
కణుపు మీద వెల్డింగు రవ్వ పడిన మచ్చ.
ఎప్పుడు కాలిందో నాకు చెప్పలేదు.
ఇంకొంచెం పెద్దది చేసినా.
మౌస్ మీద నా చెయ్యి అట్లనే ఉండిపోయింది.

మరుసటి రోజు పిల్లను పరుపు మీద పండబెట్టి
వేరేది తీసినా. దానికే పాస్‌పోర్టు వచ్చింది.
అందులో హిమజ
అప్పు వసూలుకొచ్చిన పెద్దమనిషి మాదిరి
మమ్మల్నే చూస్తాంటుంది.

గుత్రా మీద పాలమరక పడనే పడింది.
మస్తాన్ భాయ్ ఉతికి, గంజి పెట్టి,
ఏమీ ఎరగనట్టు ఇచ్చేసినాడంట.

పనికిరాని ఫోటో ఫ్రిజ్ తలుపు మీద ఉంది.
నీళ్ల సీసా తీసిన ప్రతిసారీ
పిల్లా, వేలూ కలిసి ఊగుతాయి.
వెలుతురు మణికట్టు దాకా వచ్చి ఆగింది.
మిగతా మనిషి డ్యూటీకి పోయినాడు.