తాలు

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ. మే నెల.
బయట నలభై నాలుగు. లోపల పది, ఎక్కుతోంది.
తలుపు దగ్గర నాకు వరసగా మూడు తుమ్ములు,
తేజ రకం ప్రతి ఏడూ నన్నిలాగే పలకరిస్తుంది.

రాత్రే అమ్మోనియా లాగేసి లైను ఆపారు.
పైపుల మీది థర్మోకోల్ విప్పి కుప్పపోశారు.
దాని కింద ఏళ్ళ తరబడి చెమర్చిన ఇనుము
పొలుసులు పొలుసులుగా రాలుతుంటే
ఏసోబు వైరు బ్రష్‌తో రుద్దుతున్నాడు
రూపాయి బిళ్ళంత చోటు తెల్లగా మెరిసేదాకా.

నా పనంతా ఆ బిళ్ళంత చోటులోనే.
చిటికెడు జెల్లు, దానిమీద ప్రోబు.
జెల్లు లేకపోతే నడుమ గాలి దూరుతుంది,
గాలి దూరిన చోట ఏ మాటా ఇనుముకి చేరదు.
చేరిందా,
సెకనులో మిర్చి యార్డు నుంచి లాడ్జి సెంటర్ దాటిపోగల శబ్దం
ఇక్కడ మూడు మిల్లీమీటర్లు నడిచి
అవతలి అంచుని తాకి వెనక్కొస్తుంది,
గుమ్మంలోంచే కబురు చెప్పి పరిగెత్తుకొచ్చిన పిల్లాడిలా.
పోయి రావడానికి పట్టిన కాలమే మందం.
పైపు కోయక్కర్లేదు.

నేను చెబుతుంటే ఏసోబు సుద్దతో రాస్తాడు:
మూడు పాయింట్ ఆరు. మూడు పాయింట్ నాలుగు.
కొత్తలో మూడు పాయింట్ తొమ్మిదని పాత ఫైల్లో ఉంది.
మూడో ఎల్బో దగ్గర్నుంచి దిగుడు.
రెండున్నర.
ఒకటి పాయింట్ ఎనిమిది.
ఒకటి పాయింట్ నాలుగు.
ఆ పక్కనే ఒక్కసారిగా
రెండు పాయింట్ రెండు.

"చూశారా, మళ్ళీ లావెక్కింది" అన్నాడు మేనేజరు పిచ్చేశ్వరరావు.
"లోపల డెబ్భై వేల టిక్కీలున్నాయమ్మా,
మిషను చెప్పిందే రాసెయ్యండి."

ఏసోబు ఏమీ అనలేదు.
ముప్ఫై ఒక్కేళ్ళు కంప్రెసరు పక్కన కూచుని
సగం చెవుడొచ్చిన మనిషి,
జేబులోంచి చిన్న స్పానరు తీసి
పైపు పొడుగునా మెల్లగా తట్టుకుంటూ వచ్చాడు.
ఖంగు. ఖంగు. ఖంగు.
అక్కడ మాత్రం పగిలిన మూకుడు గొంతు.

నాకు తెలియనిది కాదు.
గోడ మరీ పలచనైతే మొదటి ప్రతిధ్వని ఈ ప్రోబుకి అందదు,
రెండోదాన్ని పట్టుకుని రెండింతలు చెబుతుంది.
అప్పుల్లో నిండా మునిగినవాడు
పెళ్ళిలో రెండు చేతులా ఖర్చుపెట్టినట్టు.
తెలిసి కూడా, ఒక్క క్షణం,
ఆ రెండు పాయింట్ రెండుని నమ్మాలనిపించింది.
ఎండ. లారీల వరస. ఆయన గొంతులో ఆ "అమ్మా".

చిన్న ప్రోబు మార్చి, మళ్ళీ జెల్లు రాసి, పెట్టాను.
ఒకటి పాయింట్ ఒకటి.

పిచ్చేశ్వరరావు ఫోను తీసుకుని బయటికి నడిచాడు.
వెల్డరు నరసరావుపేటలో ఉన్నాడట,
చీకటి పడితే గానీ రాడట.

ఏసోబు ఉమ్మి తడిచేసి పాత అంకె తుడిచాడు.
కొత్తది రాశాడు.
దాని పక్కన, నా ఫారంలో గడి లేని మాట
ఒకటి కూడా రాశాడు,
షెడ్డులో ఆడవాళ్ళు పొద్దుటినుంచీ ఏరి పారేస్తున్నదాని పేరు.

నాలుగో తుమ్ము.
వేళ్ళనిండా జెల్లు, జెల్లునిండా కారం.
ఇంటికెళ్ళేదాకా ఈ చెయ్యి
కంటి దగ్గరికి పోకుండా చూసుకోవాలి.