వెనక మోసేవాడి కుడిచెయ్యి

గుంటూరు కొత్తపేటలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
పళ్ళ సెట్లు పోసే గది నాది.
పరంజ్యోతి గారు అగ్గిపెట్టెలో దూది పరిచి
ఒక మనిషిని తీసుకొచ్చారు.
రెండంగుళాల మనిషి. సీసం.
ఎడమ చేతికి ఎర్ర సిలువ పట్టీ,
కుడిచెయ్యి భుజం దగ్గర్నుంచీ లేదు.

"చెయ్యి కావాలి" అన్నారు,
పన్ను కావాలి అన్నంత మామూలుగా.

వాళ్ళ నాన్న పొగాకు కంపెనీ బంగళాలో బట్లరు.
దొరలు పోతూ పోతూ సామాను వేలం వేసిన రోజు
అందరూ కుర్చీలకీ గ్రామఫోనుకీ పాట పెంచుతుంటే
ఆయన మూడు రూపాయలకి
బిస్కట్ల డబ్బాలో ఒక యుద్ధం కొనుక్కొచ్చాడట.

మర్నాడు డబ్బా మొత్తం తెచ్చి
బల్ల మీద, నా ప్లాస్టరు దవడల మధ్య బారులు తీర్చారు.
నిలబడి పేల్చేవాళ్ళు, మోకాలి మీద పేల్చేవాళ్ళు,
బోర్లా పడుకుని పేల్చేవాళ్ళు,
బాకా ఊదేవాడు, గుర్రం పోయిన రౌతు.
నలభై మూడు మంది.
దెబ్బ తగిలినవాడు ఒక్కడు.
మోసేవాళ్ళు ఇద్దరు.

"ఇన్ని తుపాకులకి ఒక్కడేనా అండీ?"
"పిల్లలు కొనరయ్యా.
దెబ్బ తగిలినవాడితో ఏం ఆడతారు?
అందుకే తక్కువ పోశారు. అందుకే ఇప్పుడు
వీడికున్న రేటు సేనాపతికి లేదు."

భూతద్దం పెట్టి చూశాను.
అందరి కాళ్ళ కిందా పచ్చరంగు పీట ఉంది, వీడికి లేదు.
పడుకున్నవాడికి పీట ఎందుకనుకున్నాడేమో అచ్చు పోసినవాడు.
నుదుటికి కట్టు, కట్టు మీద ఆవగింజంత ఎరుపు.
ఎవరో ఆడపిల్ల పెట్టి ఉంటుంది,
బొట్టు పెట్టినట్టు, రోజుకి ఇన్నని లెక్కకి.

ముందు మోసేవాడికి వీడు కనపడడు.
మెడ తిప్పే వీల్లేకుండా పోశారు.
వెనకవాడికి వీడు తప్ప ఇంకేం కనపడదు.
విరిగింది వెనకవాడి చెయ్యే.

మైనంతో చెక్కి, పళ్ళకి వాడే లోహం కరిగించి పోశాను.
మొదటిది సన్నగా వచ్చింది, పెళ్ళికూతురి చెయ్యిలా. పారేశాను.
రెండోది మొద్దుగా వచ్చింది.
ఉబ్బిన కణుపులు, బిగిసిన పిడికిలి.
ఎక్కడో చూసిన చెయ్యి.

మిర్చి యార్డులో టిక్కీలు మోసిన వేసవి అది,
ఈ పని నేర్చుకోకముందు.
మిట్టమధ్యాహ్నం, ఘాటుకి అందరం తుమ్ముతుంటే
ఒకడు తుమ్మడం మానేశాడు.
బరకం పరిచి, పడుకోబెట్టి,
నలుగురం నాలుగు మూలలా పట్టుకున్నాం.
నాది కాళ్ళ వైపు ఎడమ మూల.
కాటా పక్కనుంచే పరిగెత్తాం.
ఆ రోజు తూకం వెయ్యకుండా గేటు దాటింది అదొక్కటే.
పేరు తర్వాత ఎవరో చెప్పారు, మర్చిపోయాను.
ముఖం కూడా.
నా మూలకి వచ్చిన బరువు మాత్రం
ఇప్పుడడిగినా చూపిస్తాను,
ఇదిగో, ఈ వేలి నుంచి ఈ వేలి దాకా.

చెయ్యి అతికించి ఖాకీ రంగు వేశాక
పరంజ్యోతి గారు కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశారు.
"కొంచెం పెద్దదైంది."
"అయింది."
"ఉండనీ."
రెండొందల యాభై చెప్పాను. రెండొందలిచ్చారు.
ఆ యాభై, తన పళ్ళ సెట్టు చేయించుకునేప్పుడు కలిపిస్తారట.

"జిగురు ఆరాలండీ. గురువారం దాకా
బరువు మొయ్యనివ్వకండి."
ఆయన నవ్వలేదు.
"అరవై ఏళ్ళుగా దించలేదు పాపం" అంటూ
దెబ్బ తగిలినవాణ్ణి గోటితో లేపి
పై దవడకీ కింది దవడకీ మధ్య
దూది మీద పడుకోబెట్టారు.
ఖాళీ స్ట్రెచరుతో వాళ్ళిద్దర్నీ డబ్బాలో పెట్టుకుని
ఒక్కో మెట్టూ దిగుతున్న చప్పుడు
కింద వీధి దాకా వినపడింది.

ఇవాళ మంగళవారం.
కరెంటు పోయి ఫ్యాను ఆగింది.
గదిలో మేమిద్దరమే.