మూడో స్క్రీన్ నేల

బయట మెట్ల మీద మైకు పట్టుకున్న పిల్లోడు
వచ్చినోళ్ళనల్లా అడుగుతాండాడు, ఎట్లుంది, ఎట్లుంది అని.
ఒకడు ఫస్టాఫ్ కేక అన్నాడు.
ఒకామె దయ్యం మేకప్ బాగలేదనింది.
ఇంకొకడు, హంతకుడెవరో టైటిల్స్‌లోనే కనిపెట్టేసినా అని
కాలరెగరేసినాడు.
నన్ను అడగలేదు.
చీపురు పట్టుకున్నదానికి రివ్యూ ఏముంటుందిలే అని కాబోలు.

ఉంటాది.

ఆటకూ ఆటకూ నడుమ నాకు పదిహేను నిమిషాలు.
లైట్లేసినాక నేల చూస్తే చాలు.
పాప్‌కార్న్ ఒకచోట కుప్పగా రాలిందంటే
ఆడ ఎవరో ఉలిక్కిపడినారు.
ఎఫ్ వరస నుంచి కె వరస దాకా ఒక్కమాదిరి రాలిందంటే
అది అద్దంలో మొహం కనపడే సీను.
సౌండు పెంచి భయపెట్టినారు, లెక్కలోకి రాదు.
వెనకనుంచి భుజం తడితే నేనైనా అరుస్తా.
బకెట్లు అడుగుదాకా ఖాళీ అయినాయంటే
భయమూ లేదు పాడూ లేదు, తినడమే పని.

పోయిన శుక్రవారం వచ్చినదానికి మాత్రం
బకెట్లు సగం సగం సీట్ల పక్కనే నిలబడి ఉన్నాయి.
నేల మీద ఒక్క గింజ లేదు.
తినడం మర్చిపోయినారు, పారబోయడమూ మర్చిపోయినారు.
హెచ్ పన్నెండు కింద ఎవరిదో ఎడమకాలి చెప్పు.
ఇంతవరకు వచ్చి అడగలేదు ఎవరూ.
నా లెక్కలో అదీ సినిమా.

మొదట్నుంచి కడదాకా ఒక్కటీ చూసింది లేదు నేను.
గోడ ఇవతల నుంచి విన్నవే అన్నీ.
తలుపు కిర్రు, గాలి, ఆడపిల్ల నవ్వు,
మళ్ళీ తలుపు.
ఇన్ని కోట్లు పెట్టి తీసేటోళ్ళలో
ఆ బందులకు ఒక చుక్క నూనె పోసేవాళ్ళు లేరా?

అన్నీ చూసేది తిమ్మరాయప్ప.
బేస్‌మెంట్ వాచ్‌మన్, ముళబాగిలు మనిషి,
మాట సగం తెలుగు, సగం కన్నడం.
లీవు రోజు కూడా వచ్చి, ముందు వరస ఖాళీ ఉంటే
మేనేజరు కంట పడకుండా కూచుంటాడు.
ఏ సినిమాకైనా ఆయన అభిప్రాయం ఒకటే:
"గంగులక్కా, ఇందులోనూ నన్నే ముందు చంపేసినారు."

వేళ్ళు మడిచి చెప్తాడు.
పాడుబంగళా కథలో గేటు తీసినోడు.
ఆస్పత్రి కథలో లిఫ్టు కాడ కునికినోడు.
సైకో కథలో టార్చి వేసి "ఎవరది" అన్నోడు.
పేరు కూడా పెట్టరక్కా, శవానికైనా.
పోలీసొచ్చి గుడ్డ తీసి "వాచ్‌మన్" అంటాడు, అంతే.
ఆ తర్వాత రెండు గంటలు
పెద్దింటి పిల్ల బతకాలని జనమంతా మొక్కుకుంటారు.

మరి పనిమనుషుల సంగతేంది అన్నా.
"మీకు దయ్యం అందరికన్నా ముందే కనపడతాది.
చెప్తే ఎవరూ నమ్మరు.
ఇంటర్వెల్ తర్వాత మీరు కనపడరు."
ఇద్దరమూ నవ్వినాము.
నవ్వి నవ్వి నాకు పొలమారింది.

ఈ పొద్దు సెకండ్ షో వదిలి, కడిగి, తుడిచేసరికి ఒంటిగంటన్నర.
టిన్ ఫ్యాక్టరీ దాటితే నడకే.
విజినాపుర సందులో మలుపులు మూడు.
మూడోదాని కాడ నాలుగు రోజులుగా ఒక బండి
ఇంజను ఆపకుండా నిలబడి ఉంటాది.
దానికి మ్యూజిక్ ఉండదు.

ఎవరికీ చెప్పలేదు ఆ సంగతి.
నా నడక చూసి కనిపెట్టినాడో ఏమో,
తిమ్మరాయప్ప టార్చి తీసుకుని లేచినాడు.
వద్దులే, నీ డ్యూటీ, అన్నా.
"ఈ వారం నాలుగుసార్లు చచ్చినోన్ని,
నాకేం భయం, నడువు."

మొదటి మలుపు దాకా కొత్త సినిమా కథ చెప్పినాడు.
రెండో మలుపు కాడ కథ ఆపినాడు.
మూడోదాని కాడ టార్చి ఎత్తి
"ఎవరది" అన్నాడు.

బండి కొంచేపు అట్లే ఉండి
కదిలి పోయింది.

నా గది గొళ్ళెం పడిన చప్పుడు విన్నాక
అయ్యో, పార్కింగు గేటు తెరిచి పెట్టొచ్చినా అనుకుంటా
వెనక్కి పరిగెత్తినాడు,
బతికే.