జేబు ఒక్కటి వేరే రంగు

జుఫైర్‌ల తెల్లారగట్ల మూడు.
ఇస్త్రీపెట్టె ఆవిరి తగిలి
టీవీల అమెరికా మసక మసక.
కుంజాలి బనీను కొసతోని తుడిచిండు.
అప్పుడే మొదటి రాష్ట్రానికి రంగు పడ్డది.

అక్కడ ఇంకా నిన్నటి పొద్దుగూకుడేనట.
మాకు ఇయ్యాళ మొదలైతుంటె
వాళ్లింక నిన్నట్లనే లైన్ల నిలబడ్డరు.

నేవీ గోడకు మా లాండ్రీ నాలుగంగల దూరం.
తడి జుట్టుతోని ఉరికొచ్చింది హాలీ రేనర్,
చేతుల రెండు యూనిఫారాలు.
రసీదు అడగలే, రేటు అడగలే,
"నెబ్రాస్కా అయిందా?" అన్నది.
నడిమధ్యల వేలు పెట్టి చూపెట్టింది,
మక్కలు పండే జాగట.
మాది గూడ మక్కలే అన్న, కోరుట్ల అవతల.
ఆమెకు కోరుట్ల తెల్వది, నాకు నెబ్రాస్కా తెల్వది.
కంకి మీద పీచు ఎండితె ఏమైతదో
ఇద్దరికి ఎరుకే.

ఓట్లన్ని కలిపి ఎవలకెక్కువస్తె వాళ్లే గెలుస్తరు గదా,
మళ్ల ఈ రాష్ట్రాల లొల్లి ఏంది?
నా వచ్చీరాని ఇంగ్లీషుకు ఆమె నవ్వింది.
మడతపెట్టిన చొక్కాలు కౌంటరు మీద పరిచింది.
రాష్ట్రానికొక చొక్కా.
ఒక్క ఓటు ఎక్కువొచ్చినా
కాలరు, చేతులు, గుండీలు అన్ని వాడియే.
ఓడినోడికి దారప్పోగు గూడ రాదు.
రెండువందల డెబ్బై గుండీలు ఎవడు జమజేస్తె
ఇల్లు వాడిది.

మాదొక్కటి, మెయిన్ అని ఇంకొకటి,
మా రెండింటి కుట్టు వేరు, అన్నది.
మాకు ఐదు గుండీలు.
రెండు మొత్తం గెలిచినోడికి,
మూడు మూడు తుకడాలకు, దేనిది దానికే.
గందుకే ఒక్కోపారి చొక్కంత ఎర్రగుండి
జేబు ఒక్కటి నీలంగుంటది.
ఆమె ఇల్లు ఆ జేబులనట.

ముందుగాల పడ్డ రంగును నమ్మొద్దట,
పోస్టు కవర్లు వెనుక విప్పుతరట.
ఆమె కవరు నెల కిందనే పోయింది.
ఆమెకంటె ముందుగాల
ఆమె ఓటు ఇల్లు చేరింది.

"నువ్వేసినవా, మీ దేశంల?"

కాజా మీద పెట్టె ఆగింది. కొద్దిగ మాడిన వాసన.
మా ఓటు కవర్ల పట్టది మేడం,
మనిషిని తెమ్మంటది.
తొమ్మిదేండ్ల కింద పెట్టిన సిరా
గోరు తోటి పెరిగి, గోరు తోటే తెగిపోయింది.

ఇంకొకటి చెప్పలే.
మొన్న సర్పంచి ఓట్లల్ల మా వదిన భూలక్ష్మికి నాలుగువందల పన్నెండు,
ఎల్లుబాయికి నాలుగువందల పన్నెండు.
మూడుపార్లు లెక్కపెట్టిండ్రు.
రెండు చీట్లు స్టీలు చెంబుల వేసి
ఒకటో తరగతి పోరనితోని తీపిచ్చిండ్రు.
మా అన్న ఫోను చేసి తిట్టలే, ఏడ్వలే.
"గా దినం నీకు డ్యూటీయేనా?" అన్నడు.
డ్యూటీయే.
అరవై రెండు ప్యాంట్లు చేసిన ఆ దినం.

అజాన్ అయింది. సముద్రం దిక్కు తెల్లవడ్డది.
నెబ్రాస్కా ఎర్రవడ్డది,
జేబు జాగల ఇంకా ఖాళీ.
ఆమెకు టైమైంది.
యూనిఫారం భుజమ్మీద ఏసుకొని, తలుపుల నిలబడి
ఇంకొక్కపారి చూసింది, పోయింది.

షిఫ్టు ఆరింటికి దిగింది.
రూముల నా మంచమ్మీద పండుకున్న దినేష్ థాపా
ఈపాటికి లేచి ఉంటడు, పరుపు ఇంకా వేడిగనే ఉంటది.
నేను పోలే.
కుంజాలి అడిగిండు, ఎవడు గెల్వాలె నీకు?
ఎవడు గెలిచినా చొక్కాకు
మూడువందల ఫిల్సులే గదరా.
మరి ఎందుకు కూసున్నవ్?

ఆగు, అన్న.
గా జేబొక్కటి లెక్క తేలనియ్యి.