పిడికెడు

అమీర్‌పేట హాస్టల్ల
నూటిరవై మందికి వండుతా.
తొమ్మిదొద్దులాయె, వారాసిగూడల
మూడు చెంచాల జావకు ఓడిపోతున్న.

"ఉప్పెయ్యలే" అంటడు శ్రీహాస్.
ఏసిన.
నాలిక మీద తెల్లపొర,
రుచి ఏడ తెలుస్తది?

నల్లా తిప్పితే
ముందుగాల మోరి వాసన.
నీళ్ళు మసలబెట్టి
చల్లారేదాక గిన్నెకు కాపలుంట.
సిలిండర్ ఊపి సూస్త.

పొద్దుమీకితే నూటమూడు.
నుదుటి మీద తడిబట్ట
గడియల్నే వేడెక్కుతది.

గల్లీల మిర్చిబండి మూకుడు టంగుమన్నది.
"కొస కొరుకుత, అమ్మా, గంతే."
"పేగుల పుండున్నదట బిడ్డా."
అన్నంక
నా నోరే మండింది.

మేనేజర్ ఫోన్ మోగుతనే ఉన్నది.
ఎత్తలే.

తెల్లారంగ వాడే లేపిండు:
"అన్నం మెత్తగ చేస్తవా?"

కుక్కర్‌ల పిడికెడు బియ్యం పోసి
నీళ్ళ చెంబు పట్టుకొని నిలబడ్డ.
ఇంత చిన్న కొలత
నా చేతికి యాదికి లేదు.