పురికొస

నా పని రంగులు వేయడం.
కార్పొరేషన్ ఆఫీసు మూడో అంతస్తులో,
కరెంటు పోతే కీచుమనే యూపీఎస్ పక్కన కూర్చుని
బెజవాడను పొరలు పొరలుగా విప్పుతుంటాను.
అడుగున కొండలు: గుణదల, మొగల్రాజపురం,
సమానమైన ఎత్తుల గీతలు, ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు.
వాటి మీద రోడ్లు, ఆ పైన కాలవలు,
అన్నిటికన్నా పైన జనం. చుక్కకు యాభై మంది.
యాభై ఒకటో మనిషి ఎక్కడ నిలబడతాడని
ఒక్కరోజూ అనుకోలేదు.

ఈ పని నేర్పింది జకరయ్య గారు.
ట్రేసింగ్ గుడ్డ మీద ఏలూరు కాలవను
ఊపిరి బిగబట్టి ఒక్క గీతలో లాగిన చెయ్యి.
"పటం అబద్ధమాడదమ్మాయ్,
అడిగినదానికే జవాబు చెబుతుంది.
వాన పటాన్ని దాహం సంగతి అడక్కు" అనేవారు.

బుడమేరు వచ్చి, పరుపులూ ఫ్రిజ్‌లూ రోడ్డున పడేసి పోయాక
నీటిలోతుల్ని ఐదు నీలాలకు పంచమన్నారు.
మొదటిది, ఉతికి ఉతికి వెలిసిన బడి చొక్కా.
ఐదోది సిరాబుడ్డి అడుగు.
మధ్యలో మూడూ నేనే కలిపాను, రాత్రి పదకొండు దాకా.
"భలే వచ్చిందే" అన్నారు పెద్దసారు.
సింగ్ నగర్ నిజంగానే నెమలి మెడలా ఉంది.
థాంక్యూ సార్ అన్నాను.

ఆ శుక్రవారం నాగుల్‌బీ వచ్చింది.
వాంబే కాలనీ వెనక సందు. మూడో నీలం.
నడుము లోతు. జాబితాలో పేరు లేదు.
స్క్రీన్ తిప్పి చూపించాను.
ఆమె అటు చూడలేదు.
కొంగు ముడి విప్పి పురికొస తీసింది.
ఒక కొస మడమ కింద తొక్కిపెట్టి
రెండోది పైకి లాగింది.
దారానికి వేసిన ముడి ఆమె చెవి దాటింది.
"గోడ మీద మరక ఇక్కడుంది. మీ టీవీలో ఎక్కడుంది?"

దగ్గరికి, ఇంకా దగ్గరికి జరిపాను.
ఇల్లు గడులు గడులుగా విడిపోయింది.
ముప్పై మీటర్లకొక గడి.
మొన్న ఎత్తు పెంచిన సిమెంటు రోడ్డూ,
దాని కింద గుంటలో మిగిలిన ఆమె గడపా
ఒకే గడిలో పడ్డాయి.
రెంటినీ కలిపి సగం చేస్తే నడుము.
సగటు మునగలేదు.
నాగుల్‌బీ మునిగింది.

గడి రంగు మార్చే అధికారం నాకు లేదు.
కొత్త పొర ఒకటి తెరిచి, ఒకే ఒక్క చుక్క పెట్టి,
దానికి "పురికొస" అని పేరు పెట్టాను.
సోమవారానికి పదిహేడయ్యాయి:
చున్నీ అంచు, లంగా బొందు, కేబుల్ వైరు ముక్క,
ఒకాయనైతే తాపీమేస్త్రీ తూకందారమే తెచ్చాడు.
ఫైలు పైకి పంపాను. ఇంకా రాలేదు.

నిన్న జకరయ్య గారు ఫోన్ చేస్తే అంతా చెప్పాను.
చాలాసేపు అవతల ఫ్యాను చప్పుడే.
తర్వాత అడిగారు:
"ముడి కిందనుంచి కొలిచావా, పైనుంచా?"