అందినది

నా బల్ల మీద రెండు ముద్రలుంటాయి,
తేదీకొకటి, గంటకొకటి.
తీర్పులు పై అంతస్తులో రాస్తారు.
నేను కింద, పాలో ఊరి సివిల్ సర్వీస్ కమిషన్ ఆఫీసులో
మూడో కిటికీ.
ఫ్యాను తిరిగితే కాగితాలన్నీ లేచి కూర్చునే గది.

పోయినేడు ఒక బడిపంతులు వచ్చాడు, టొరిబియో ఎన్సినో.
పదహారో రోజు.
బస్సు చెడిందన్నాడు,
చొక్కాకంటిన గ్రీజు చూపించాడు.
అప్పీలుకి పదిహేను రోజులే గడువు.
నేను ఉన్న తేదీనే కొట్టాను.
నిజానికి అంత బరువుంటుందని
అప్పటిదాకా నా మణికట్టుకి తెలీదు.

ఇవాళ ఐదింటికి ఇంకా పావుగంట ఉందనగా
క్రిసాంత మలుబాయ్.
హోమొన్హోన్ దీవిలో సముద్రపు ఆటుపోట్లు కొలిచే ఉద్యోగం,
పందొమ్మిదేళ్లుగా.
సంచిలో సంచి, దాన్లో ఇంకో సంచి,
అన్నిటికన్నా లోపల అప్పీలు.

ఉత్తర్వు ఒక్కటే వాక్యం:
ముప్పై రోజులకు పైబడి అనుమతి లేని గైర్హాజరు,
కావున పేరు పట్టీ నుంచి తొలగించడమైనది.
విచారణ జరగలేదు.
ఇది శిక్ష కాదట, కాబట్టి విచారణ అక్కర్లేదట.
జీతం మాత్రం
శిక్ష పడ్డవాళ్లకి ఆగినట్టే ఆగింది.

"గైర్హాజరా?" అంది,
నన్ను కాదు, కాగితాన్ని.
తుఫాను వెళ్లాక ముప్పై నాలుగు రోజులు పడవ లేదు.
నెలాఖరుకి హాజరు చీటీ ఆఫీసుకి చేరాలి.
చేరనిది చీటీ,
రాలేదని రాసింది మనిషిని.

నోటుపుస్తకం తీసింది.
ఉప్పు తాగి, వేగిన అప్పడంలా వంకర్లు పోయిన పుటలు.
పోటుకి రెండుసార్లు, ఆటుకి రెండుసార్లు
పెన్సిల్ అంకెలు:
తెల్లారుజామున మూడూ పదికి, మీటరూ పన్నెండు.
తొమ్మిదీ ఇరవైకి, ముప్పై ఒకటి.
కొలబద్ద విరిగిన రోజు
స్తంభానికి కొబ్బరితాడు కట్టి ముడులు లెక్కపెట్టిందట.
ముప్పై నాలుగు రోజులూ సముద్రం డ్యూటీకొచ్చింది.
వచ్చిందని రాసినవాళ్లెవరు మరి?

"ఇది సాక్ష్యమవుతుందా అమ్మా?"
దానికి జవాబు చెప్పే జీతం కాదు నాది.
నాకు కావలసినవి రెండు తేదీలు,
ఉత్తర్వు తనకెప్పుడందింది, అప్పీలు మాకెప్పుడందింది.

ఉత్తర్వు మీది తేదీ నుంచి లెక్కేశాను.
ఇరవై మూడు.
ముద్ర ఎత్తిన చెయ్యి అక్కడే ఆగింది.

"కవరుందా?"

అడగకూడదని రూలు లేదు.
అడగమనీ లేదు.

మూడో సంచి అడుగున ఉంది,
నాలుగు మడతలేసి, నీరుకావి రంగు తేలి.
గుయువాన్ పోస్టాఫీసు ముద్ర.
పడవ సాగాక గానీ దీవికి చేరలేదు.
పక్కన పోస్ట్‌మన్ రాత, ఆమె సంతకం, తేదీ.
వేళ్లమీద లెక్కపెట్టాను,
పెదాలు కదుపుతూ, ఒకటో తరగతి పిల్లలా.
పదిహేను.

"షట్టర్ దించనా?" అన్నాడు కాపలా అతను.
ఫీజు తడినోట్లతో కట్టింది, చిల్లర తక్కువైతే
నా పర్సులోంచి వేశాను (ఇది మాత్రం రూలుకి విరుద్ధమేనేమో).
నకళ్లు రెండు కావాలి, ఒకటే ఉంది.
జిరాక్సు మిషను వేడెక్కడానికి
నాలుగు నిమిషాలు తీసుకుంది, పాపిష్టిది.

నాలుగూ యాభై ఎనిమిది. అందినది.

ఆమె "గెలుస్తానా" అని అడగలేదు.
పెన్సిల్ చెవి మీంచి తీసి
ఆ పుస్తకంలోనే, చివరి ఆటు అంకె కింద
రాసుకుంది: 4.58, అందినది.
సముద్రానికి రాసినంత మామూలుగా.

షట్టర్ దిగింది. నేను లేవలేదు.
పంతులుగారి ఫైలు కింది బీరువాలో ఉంటుంది.
పదహారు రోజులు
దేని మీది తేదీ నుంచి లెక్కపెట్టాను?
ఆయన్ని నేను కవరు అడగలేదు.
ఆయన చేతిలో ఏదో ఉంది.
గ్రీజు చొక్కా చూపిస్తూ, రెండో చేతిలో,
మడిచినదేదో.